సరైన సూది దొరికేదాకా

ఫిబ్రవరి 4

టర్న్‌టేబుల్ వచ్చింది. ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ మెట్లెక్కించారు. తిరిగే పళ్లెం ఒక్కటే పద్నాలుగు కిలోలు. వాళ్లు పోయాక రసమట్టం పెట్టి నాలుగు కాళ్లూ సరిచూశాను. గంటన్నర పట్టింది. ముప్ఫై రెండేళ్లు పళ్ల డాక్టరుగా బతికినవాడికి వెంట్రుకవాసి తేడా ఉన్నా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. నోట్‌బుక్‌లో రాసి చూపించింది: "నా పాట ఎప్పుడు వినిపిస్తారు?"

"ఇంకా కార్ట్రిడ్జ్ కొనాలి."

"అంటే?" అని రాసింది.

చెప్పాను. పళ్లెం మీదికి వాలే ఈ చేతి చివర గోరంత డబ్బా ఒకటి బిగిస్తారు, దాని కింద వజ్రపు సూది ఉంటుంది, రికార్డు గాడిలో నడిచేది అదే, మిగతా యంత్రమంతా దాన్ని మోసే గాడిద.

"పాత మిషనుకున్నది దీనికి పెట్టకూడదా?"

పక్కింటావిడ పళ్లసెట్టు తెచ్చి నీకు పెడితే బాగుంటుందా అన్నాను. నాకే నవ్వొచ్చింది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆవిడ నవ్వుకి కూడా చప్పుడు లేదు. నవ్విందో లేదో తెలియాలంటే మొహం చూడాలి. నేను పళ్లెం వైపు చూస్తున్నాను.

ఫిబ్రవరి 5

అమ్మాయి ఫోన్ చేసింది. ఏడో నెల. నడుం నొప్పి, కాళ్ల వాపులు అన్నీ చెప్పాక అసలు సంగతికొచ్చింది.

"నాన్నా, అమ్మ పాట కాపీ తీసి పంపవా? బిడ్డకి అది వినిపిస్తాను. నా ఫోన్లో అమ్మ గొంతు ఉంది కానీ అన్నీ 'తిన్నావా', 'గ్యాస్ కట్టేశావా', 'గడియ పెట్టుకో' ఇవే. పాడింది ఒక్కటీ లేదు."

"తీస్తాను. సరైన కార్ట్రిడ్జ్ దొరకనీ."

"ఉన్నదానితో తీసెయ్ నాన్నా. పక్కన ఫోన్ పెట్టి రికార్డ్ చేసినా చాలు నాకు."

పక్కన ఫోన్ పెట్టి! నా కడుపున పుట్టిన పిల్ల అనాల్సిన మాటేనా? తీస్తే ఒక్కసారే తీస్తాను, ఇంకెవరూ వంక పెట్టలేనట్టు తీస్తాను అని చెప్పాను. "సరేలే" అంది. వాళ్లమ్మ కూడా ఒకప్పుడు అచ్చం అలాగే అనేది.

ఫిబ్రవరి 7

రికార్డు బయటికి తీశాను.

ఫ్యాక్టరీలో అచ్చు గుద్దిన బాపతు కాదిది. అల్యూమినియం రేకు మీద మెత్తటి లక్క పూసి, మనిషి ఎదురుగా పాడుతుండగానే గాడి కోసింది. ఆవిడ కాలేజీలో చదివేటప్పుడు పాటల పోటీలో మొదటి బహుమతిగా స్టూడియోకి తీసుకెళ్లి ఇది కోయించి ఇచ్చారు. ఒక్కటే ప్రతి. రాసిందీ, బాణీ కట్టిందీ ఆవిడే. నాలుగు నిమిషాల పది సెకన్లు. కోసినాయన కవరు మీద పెన్సిల్‌తో రాశాడు: "మెత్తనిది. ఇరవై సార్లకు మించి వేయరాదు."

జాగ్రత్తపరులు అలాగే రాస్తారు. పన్ను పీకించుకున్నవాళ్లకి రెండు రోజులు మెత్తటిదే తినమని నేనూ రాసిస్తాను. మెట్లు దిగకుండానే వేరుశనగలు నములుతారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇన్నేళ్లలో మహా అయితే నాలుగు సార్లు వేసి ఉంటాం. పెళ్లయ్యాక ఆవిడ పాడటం మానేసింది. ఎందుకు మానేసిందో గుర్తులేదు.

ఫిబ్రవరి 10

సూదులాయన షాపుకి వెళ్లాను. రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. చెప్పులు కుట్టే షాపు పైన ఒక గది. కార్ట్రిడ్జ్‌లని ఉంగరాల్లా మఖమల్ పెట్టెల్లో పెట్టి, నచ్చినవాళ్లకి పది రోజులు బాడుగకి ఇంటికిచ్చి పంపుతాడు.

"శబ్దంలో మీకేం కావాలి సార్? వెడల్పా, లోతా?"

"గొంతు కావాలి."

"ఎవరి గొంతు?"

"మా ఆవిడది. కాలేజీ రోజుల్లో కోసిన రికార్డు ఒకటుంది."

ఆయన చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. "కోసిందా? లక్కదా? దాంతో టెస్టులు పెట్టకండి సార్. వేసినప్పుడల్లా సూది దాన్ని కాస్త గీక్కుపోతుంది. మొదటిసారి వేసినప్పుడే కాపీ తీసి దాచుకోండి. కార్ట్రిడ్జ్ ఎంచుకోవడానికి మామూలు రికార్డులు బోలెడున్నాయి."

"అలాగే," అన్నాను.

వ్యాపారం చేసుకునేవాడికి ఏం తెలుసు? ముక్కూ మొహం తెలియని గాయని గొంతు బాగుందో లేదో నేనెలా చెప్పగలను? ఇంట్లో తిరిగిన గొంతయితే ఏది నిజమో, ఏది సూది కల్పనో తెలుస్తుంది. కాపీ కోసమేగా ఇదంతా, ఆ పాటతో పరీక్షించకుండా ఆ పాటకి సరైన సూది ఎలా దొరుకుతుంది? వాదన ఎక్కడా వదులుగా లేదు.

ఫిబ్రవరి 11

మొదటి కార్ట్రిడ్జ్ బిగించాను. క్లినిక్‌లో వాడే భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని కోణం సరిచేశాను. సూది మోపే బరువు ఒకటింబావు గ్రాము దగ్గర మొదలుపెట్టి ఒకటిన్నర దగ్గర ఆపాను. సాయంత్రం ఆరింటికి రికార్డు వేశాను.

పాట మొదలవడానికి ముందు ఒక ఊపిరి ఉంది. ఇన్నేళ్లూ వినలేదు. పెదాలు విడివడిన చప్పుడు, చిన్నగా ఊపిరి, తర్వాత "ఎండ దిగిన మేడ మీద ఎవరు నాతో వస్తారు" అని మొదటి పంక్తి. "వస్తారు"లో "స" గాజుపెంకులా మెరిసింది.

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేం లేదు. ముప్ఫై ఏళ్లు కాపురం చేసినా ఆ మనిషి నాకు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. పంతొమ్మిదేళ్లది, కాస్త భయం, కాస్త టెక్కు. అది ఎవరికోసం పాడుతోందో గానీ నాకోసం కాదు. అప్పటికి నేనెవరో దానికి తెలియదు.

ఆవిడ వంటింట్లో ఉంది. పిలవలేదు. ఇంకో రెండుసార్లు వేశాను.

సూది మొనకి కాస్త నల్ల పొడి అంటుకుంది. బ్రష్‌తో తుడిచాను.

ఫిబ్రవరి 12

నాలుగు సార్లు. ఊపిరి ఉంది.

ఫిబ్రవరి 13

పాట నడుస్తుంటే ఆవిడ వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. మోకాళ్ల మీద గడ్డం ఆనించి వింటోంది. రెండు నిమిషాలు ఓర్చుకున్నాను. ఆపరేషన్ చేసి మెడలో పెట్టిన రంధ్రంలోంచే ఇప్పుడావిడ ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. గాలి అక్కడ గరగరమంటుంది. రికార్డులో ఊపిరికీ, గదిలో ఊపిరికీ తేడా తెలియకుండా పోయింది.

ఆపి చెప్పాను. "నీ ఊపిరి చప్పుడు మధ్యలో వస్తోంది. కాసేపు బయట కూర్చో."

కదల్లేదు. నేను చెప్పింది అర్థం కాలేదేమో అనుకుని మెడ వైపు చూపించాను. అప్పుడు లేచింది. తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. మంచి మనిషి, గొడవ పెట్టుకోదు.

తలుపు మూశాక కూడా గరగర పోలేదు. తలుపు సందులోంచి వస్తోందనుకుంటాను.

ఫిబ్రవరి 16

ఆవిడ దగ్గర ఒక మర ఉంది. మెడకి ఆనించి నొక్కితే జుమ్మని మాటలు వస్తాయి, మనిషి మాట్లాడినట్టు కాదు, డబ్బాలో తేనెటీగ దూరినట్టు. మామూలుగా మార్కెట్‌కి వెళ్లినప్పుడే వాడుతుంది. ఇవాళ నా గదిలోకి తెచ్చింది.

"ముందు కాపీ తీయండి," అంది ఆ మరతో.

ఆ జుమ్ముకి నా ఒళ్లు మండిపోయింది. ఆ గొంతు వినడం కోసం నేను తల కొట్టుకుంటుంటే ఈ గొంతు తెచ్చి నా చెవిలో పోస్తుందా? ఈ గదిలో ఆ మర వద్దన్నాను. చెప్పాల్సిందేమన్నా ఉంటే రాయమన్నాను.

రాయలేదు.

ఫిబ్రవరి 19

రెండో కార్ట్రిడ్జ్. మొదటిదానికి రెట్టింపు ఖరీదు, సగం గొంతు. పాడే పిల్ల రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. "స" మెత్తబడింది. ఆరుసార్లు వేసి చూశాను, వేసిన కొద్దీ నీరసం.

సూదులాయనకి ఫోన్ చేసి దులిపేశాను. "ఇలా ఉండకూడదే సార్. ఏ రికార్డు వేస్తున్నారు?" అన్నాడు.

"నువ్వు చెప్పిందే. మామూలువి," అన్నాను.

ఫిబ్రవరి 20

నల్ల పొడి. తుడిచాను.

ఫిబ్రవరి 24

క్లినిక్‌లో ఒక ముసలాయన నా మీద విసుక్కున్నాడు. "కుడి వైపు పన్ను అని మూడు సార్లు చెప్పానయ్యా" అట. నోట్లో నా రెండు వేళ్లూ, అద్దం, దూదీ పెట్టుకుని చెప్తే ఎవడికి వినబడుతుంది?

ఆయన వెళ్లాక నర్సమ్మ తలుపు మూసి నిలబడింది. ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే పనిచేస్తోంది, ఆవిడకి నేనంటే భయం లేదు.

"డాక్టరుగారూ, నేను పిలిచినా మీకు వినబడట్లేదు. పైన చెవి డాక్టరుగారికి చూపించుకోండి."

"నువ్వు గొణుగుతావు."

"నేను గొణగను. మీ ఎడమ పక్కన నిలబడి పిలిస్తే పలుకుతారు, కుడి పక్కన పలకరు. రెండేళ్ల నుంచి నేను ఎడమ పక్కనే నిలబడుతున్నాను. మీరు గమనించలేదు."

మార్చి 1

చెవి డాక్టరు నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించి కూతలు పెట్టాడు. తర్వాత ఒక గీత గీసి చూపించాడు. గీత కొంత దూరం తిన్నగా వచ్చి తర్వాత మెట్ల మీంచి జారినట్టు జారింది.

"సన్నటి శబ్దాలు బాగా తగ్గిపోయాయి మీకు. డ్రిల్లు చెవి పక్కన పెట్టుకుని ముప్ఫై ఏళ్లు నిలబడ్డారు, మీ వృత్తిలో మామూలే. స, శ, ఊపిరి చప్పుడు, ఇలాంటివి ఇంకా ఇంకా పోతాయి. మిషను పెట్టించుకోండి."

ఇంటికొచ్చి మామూలు రికార్డులు రెండు వేసి చూశాను. బాగానే వినబడ్డాయి. ఎప్పటిలాగే ఉన్నాయి, కొత్తగా ఏ తేడా లేదు. తప్పు చెవులదే అయితే అన్ని రికార్డులూ చెడిపోవాలి కదా? ఆవిడ రికార్డు ఒక్కటే ఎందుకు నీరసపడుతోంది? కాబట్టి చెవులు బాగున్నాయి. తప్పు కార్ట్రిడ్జ్‌ది. డాక్టరు దగ్గర ఉన్న యంత్రం పాతది, గదికి పగులు కూడా ఉంది.

మార్చి 3

మూడోది. దీని మీద సూదులాయనకే ప్రాణం, ఇవ్వడానికి చేతులు రాలేదు. తెచ్చి బిగించాను. మొదటి పంక్తిలో "మేడ" తర్వాత అంతా పొగ. బరువు రెండు గ్రాములు చేశాను. కాస్త నయం. రెండున్నర చేశాను. ఎంత నొక్కితే అంత అడుగున ఉన్నది దొరుకుతుంది, పన్ను గుల్లయితే డ్రిల్లు లోపలికి దింపాల్సిందే కదా.

ఊపిరి దొరకలేదు. ఐదుసార్లు.

మార్చి 4

ఏడుసార్లు. ఒకసారి దొరికినట్టనిపించింది. అది నా ఊపిరే.

మార్చి 8

రికార్డు లేదు.

కవరుంది, లోపల అట్టముక్క పెట్టి ఉంది. ఆవిడని అడిగాను. తెలియదన్నట్టు చేతులు తిప్పింది. ఎప్పుడూ అబద్ధమాడని మనిషికి అబద్ధమాడటం కూడా సరిగా రాదు. బీరువా బట్టలన్నీ మంచం మీద కుప్ప పోశాను. దుప్పట్లు దులిపాను. ఆవిడ గోడ పక్కన నిలబడి చూస్తూ ఉంది. చివరికి పరుపు కింద దొరికింది, పాత తువ్వాలులో చుట్టి ఉంది. పరుపు కింద! ఎవరైనా కూర్చుంటే వంగిపోదూ?

"నా వస్తువుని ఇలాగేనా చూసుకునేది?" అని అరిచాను.

"నా వస్తువు" అని నేనన్నప్పుడు ఆవిడ మొహంలో ఏదో కదిలింది. ఆగి చూసే ఓపిక లేదు. రికార్డుకి ఏమైందో అని ప్రాణం కొట్టుకుంటోంది.

మార్చి 9

మాట్లాడలేదు.

మార్చి 10

మాట్లాడలేదు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు మూగవాళ్లం. తేడా ఏంటంటే నాది నేను ఎంచుకున్నది.

మార్చి 11

మాట్లాడలేదు. ఆవిడకి తేడా తెలిసినట్టు లేదు. అదే బాధ.

మార్చి 12

ఆవిడే రాసింది. పేజీ నిండా రాసింది, ఆపరేషన్ అయ్యాక ఇంత పెద్దది ఎప్పుడూ రాయలేదు. ముఖ్యమైన ముక్క ఇది: "అది తిరిగినప్పుడల్లా నాకు పక్క గదిలో వినబడుతుంది. రోజురోజుకీ తగ్గుతోంది. నా గొంతు రెండోసారి పోతుంటే కూర్చుని వినడం నా వల్ల కావట్లేదు. కాపీ తీసి పిల్లకి పంపండి. తర్వాత దాన్ని అరగదీసుకోండి, నేను అడగను."

నేనన్నది కూడా రాసుకుంటాను. ఇక్కడైనా దాచుకోకూడదు.

"నీ గొంతు ఎప్పుడో డాక్టర్లు కోసి బకెట్లో పారేశారు. ఇది నీది కాదు. ఇది నేను కాపాడుకుంటున్నది."

నోరు జారింది. పన్ను పీకేటప్పుడు ఒక్కోసారి పక్కదానికి తగులుతుంది, అలాంటిది. సాయంత్రం టీ ఇచ్చింది. మామూలుగానే ఇచ్చింది. అంటే పెద్దగా పట్టించుకోలేదన్నమాట.

మార్చి 13

పాడటం ఎందుకు మానేసిందో గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో బట్టలు ఆరేస్తూ పాడుకుంటుంటే, "శ్రుతి పోతోంది, విన్నావా?" అన్నాను. శ్రుతి పోలేదు. పక్కింటివాళ్లు కిటికీలో నిలబడి వింటున్నారు, అది నాకు నచ్చలేదు. ఒక్కసారే అన్నాను. ఒక్క మాటకే మానేస్తే దానికి నేనేం చెయ్యను?

మార్చి 20

అమ్మాయి ఫోన్. "నాన్నా, ఇంకా అవలేదా? ఎనిమిదో నెల దాటుతోంది నాకు."

"సూది దొరకాలి."

"అమ్మ ఏమంటోంది?"

"అమ్మ ఏమీ అనట్లేదు," అన్నాను. అది నిజమే.

మార్చి 27

దొరికింది!

నాలుగోది. సూదులాయన "ఇది చాలా మెత్తటి స్వభావం సార్, లోపాలన్నీ కడుపులో దాచుకుంటుంది" అన్నాడు. వేశాను. ఎక్కడా కీచు లేదు, ఎక్కడా గుచ్చుకోలేదు. దూది పరుపు మీద పడుకున్నట్టుంది. మిగతా మూడూ ఎందుకంత గీచి గీచి వదిలాయో ఇప్పుడు తెలిసింది. ఇదే కొన్నాను. బాడుగ మాటే లేదు, సొంతం చేసుకున్నాను.

ఆవిడకి చెప్పాను, దొరికిందని. తల ఊపింది. నోట్‌బుక్ తీసుకోలేదు.

అమ్మాయికి కూడా చెప్పాను. ప్రయాణం చేయడానికి ఇంకో పది రోజులే డాక్టరు ఒప్పుకుందట, తానే వచ్చి వింటానంది.

ఏప్రిల్ 5

అమ్మాయి వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ పిల్లని నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంట్లో అన్నిటికన్నా మంచి కుర్చీ అది. ఆవిడని కూడా లోపలికి రమ్మన్నాను. ఇవాళ ఎంత చప్పుడు చేసినా ఫర్వాలేదన్నాను. రికార్డింగ్ మిషను తగిలించాను, సూది దించాను, అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. స్పీకర్లలో కూడా వచ్చేలా పెట్టాను.

నాకు బాగానే వినబడింది. "ఎండ దిగిన మేడ మీద." వినబడుతూనే ఉంది.

అమ్మాయి మొహం చూశాను. ముందు నవ్వుతూ కూర్చుంది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత హెడ్‌ఫోన్స్ చేత్తో నొక్కిపట్టుకుంది. నిమిషం అయ్యేసరికి కళ్లల్లో నీళ్లు. చూశావా, ఈ సూదికి రాళ్లు కూడా కరుగుతాయి అనుకున్నాను.

పాట అయిపోయింది. హెడ్‌ఫోన్స్ తీసింది.

"నాన్నా, పాటేది?"

"అదేంటి?"

"వర్షం పడుతున్న చప్పుడు ఉంది. లోపలెక్కడో ఎవరో ఉన్నట్టుంది. అమ్మ లేదు నాన్నా ఇందులో."

బరువు సరిచేస్తాను ఉండమన్నాను. మళ్లీ వేశాను. అమ్మాయి ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు, నా మొహమే చూస్తూ కూర్చుంది.

"నీకు వినబడుతోందా నాన్నా?"

"స్పష్టంగా."

"నీకు గుర్తున్నది వినబడుతోంది," అంది.

ఎన్నిసార్లు వేశావని అడిగింది. పదో పన్నెండో అన్నాను. ఆవిడ నోట్‌బుక్ తీసుకుని రెండు అంకెలు వేసి కూతురికి చూపించింది. నలభై ఏడు. ఇవాళ్టివి కలపలేదట.

ఆ నల్ల పొడి ఏమిటో నాకు మొదటి రోజే తెలుసు. పన్ను అరగదీస్తే తెల్ల పొడి వస్తుంది, అది పన్నే. ముప్ఫై రెండేళ్లుగా తెలిసిన విషయం ఒక సాయంత్రం తెలియకుండా పోతుందా? తెలుసు, తుడిచాను. రికార్డులో ఉన్న ఆ పిల్ల నాకోసం పాడలేదు. నలభై ఏడు సార్లు నేను ఒక్కడినే విన్నాను, ఇక ఎవరికీ లేకపోతే అది నాదే అవుతుంది. ఇంత నీచమైన ఆలోచన నాకుందని ఈ కాగితానికి తప్ప ఎవరికీ చెప్పలేను.

ఏప్రిల్ 6

ఉదయం కాఫీలయ్యాక అమ్మాయి కాగితం తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టింది.

"అమ్మా, మాటలు నీకు గుర్తున్నాయా?"

ఆవిడ ఆగకుండా రాసింది. పల్లవి, మూడు చరణాలు. మూడు చరణాలున్నాయని నాకు తెలియదు.

"బాణీ ఎలా మరి?"

అమ్మాయి తన ఫోన్లో హార్మోనియం మెట్లు తెచ్చి చూపించింది. ఆవిడ ఎప్పుడూ ఏ వాద్యమూ ముట్టుకోలేదు. ఒక మెట్టు నొక్కింది, తల అడ్డంగా ఊపింది. ఇంకోటి నొక్కింది. రెండు మెట్ల మధ్య సందులో వేలు పెట్టి ఇక్కడ అన్నట్టు చూపించింది. అక్కడ ఏమీ లేదు. ఫోన్ పక్కన పెట్టేసింది.

అప్పుడు అమ్మాయి నా వైపు తిరిగింది. మొహం వెలిగింది. రాత్రంతా నాతో మాట్లాడని పిల్ల.

"నాన్నా, నువ్వు పాడు! నలభై ఏడు సార్లు విన్నావు, నీకు రాకపోవడమేంటి? నువ్వు పాడుతూ ఉండు, తప్పయిన చోట అమ్మ ఆపుతుంది. నేను రికార్డ్ చేసుకుంటాను. గొంతు ఎవరిదైతేనేం, పాట అమ్మదే కదా."

ఆవిడ కూడా నా వైపు చూసింది. రెండు నెలల తర్వాత నా వైపు అలా చూసింది. ఆశ ఉంది ఆ చూపులో. నేను రాసుకుంటున్నది నిజం, ఇన్ని మాటలన్నాక కూడా ఆశ ఉంది.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. గొంతు సవరించుకున్నాను. ఆవిడ మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. పాడాను.

"ఎండ దిగిన..."

తల అడ్డంగా ఊపింది. అరచెయ్యి పైకి లేపి చూపించింది, ఇంకా పైన అని. పైన పాడాను. కాదు. కిందికి చూపించింది. కింద పాడాను. కాదు. "మేడ మీద" దగ్గర చేత్తో గాలిలో ఒక వంపు తిప్పింది, నేనూ తిప్పడానికి చూశాను. అమ్మాయికి నవ్వొచ్చి ఆపుకుంది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ.

ఆ మొదటి పంక్తిలో పెదాలు ఎలా విడివడతాయో నాకు తెలుసు. "స" నాలుగు సూదుల్లో నాలుగు రకాలుగా ఎలా పలికిందో చెప్పగలను. ఏ కార్ట్రిడ్జ్‌తో గొంతు ఎన్ని అడుగుల దూరంలో నిలబడిందో కొలిచి చెప్పగలను. పాట నాకు రాదు. నలభై ఏడు సార్లలో ఒక్కసారీ నేను పాట వినలేదు.

"అడుగు పెట్టిన మెట్టు దగ్గర," అని రెండో పంక్తి చదివాను. అది పాడటం కాదు, చదవడమే.

ఆరోసారికో ఏడోసారికో ఆవిడ తల ఊపడం మానేసింది. అమ్మాయి ఫోన్ తీసి రికార్డింగ్ ఆపేసింది. "ఫర్వాలేదులే నాన్నా," అంది. ఫర్వాలేదని అది అంత మెల్లగా అనకుండా ఉండాల్సింది. నాలుగు తిట్టినా బాగుండేది.

కాగితం నా చేతిలోంచి అమ్మాయే తీసుకుంది.

ఆవిడ మోకాలి మీద చెయ్యి మాత్రం ఆగలేదు. కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, వాళ్లమ్మ పెదాలు చూస్తూ ఒక్కో మాట మీద వేలు జరుపుతూ పోయింది. అమ్మ పాటలో ఎక్కడుందో దానికి దొరికింది. వేలు నెమ్మదిగా కిందికి దిగుతోంది.

నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆవిడ రెండో చరణంలో ఉందో మూడో చరణంలో ఉందో నాకు తెలియలేదు. అడగలేదు.